దైవాధీనం గారి జాజ్ మూటలు

బందరులో మూడడుగులు తవ్వితే ఉప్పునీళ్ళు, ఆరడుగులు తవ్వితే డచ్చివాళ్ళ ఎముకలు. అలాంటి ఊళ్ళో ముప్పయ్యేళ్ళు కాగితాన్ని కాపాడుకున్న మొనగాడు ఒక్కడే. రిటైరైన బ్యాంకు క్యాషియరు దైవాధీనం.

ఆయనకు జాజ్ అనే అమెరికా సంగీతం పిచ్చి పకోడీల పొట్లంలోంచి పట్టుకుంది. కోనేరు సెంటర్లో కొన్న ఆ పొట్లం కాగితం మీద ఒక నల్లాయన బుగ్గలు పొంగించి బూర ఊదుతున్నాడు. నూనె ఇంకి ఆ బుగ్గల్లోంచి వెలుతురు కనబడింది. దైవాధీనం బండి దగ్గరకు పరిగెత్తి, పొట్లాలకని పెట్టుకున్న ఆ పాత అమెరికా పత్రికల దొంతరంతా కొనేశాడు. ఆనాటి నుంచి గుడివాడ పాతపేపర్ల కొట్లూ బెజవాడ పేవ్‌మెంట్లూ గాలించని ఆదివారం లేదు. ఆ సంగీతం విన్నది తక్కువ, చదివింది ఎక్కువ. సాయంత్రం అరుగు మీద కూర్చుని ఏదో కచేరీ సమీక్ష పైకి చదివితే, పెళ్ళి బ్యాండులో క్లారినెట్ వాయించే ఖుద్దూస్ దాన్ని ఊది వినిపించేవాడు.

"ఇట్టాగే వాయించాడని రాసుందా బావా?"

"రాయలేదు గానీ, ఇంతకన్నా బాగా వాయించుంటే మాత్రం వాడి మీద ఒట్టు!"

ఉప్పుగాలికి ట్రంకుపెట్టెలు తుప్పుపట్టి పోతుంటే, పత్రికల మధ్య వేపాకు పెట్టి పాత పంచెల్లో మూటలు కట్టాడు. ఏటా రోహిణీ కార్తెలో వాటిని మిరపకాయల్లా ఎండబెట్టేవాడు.

మొన్న అక్టోబరులో తుఫాను బందరు మీదికే వస్తోందన్నారు. రేవులో పదో నంబరు హెచ్చరిక ఎగరేశారు. కాకులు తెల్లవారకుండానే ఎటో వెళ్ళిపోయాయి. వీధికుక్క ఒకటి వసారాలోకొచ్చి పడుకుని, తోసినా కదల్లేదు.

ఖుద్దూస్ తోపుడుబండి తెచ్చాడు. దైవాధీనం భార్య సరోజ కూడా గుమ్మంలోకి వచ్చింది.

"మూటలు మా డాబాలో పడేద్దాం బావా. అక్కా, మీరూ రండి."

"మీది పల్లం బావా. ఉప్పెనొస్తే?"

దైవాధీనం పుట్టింది దివిసీమలో. డెబ్భై ఏడు ఉప్పెనలో నీళ్ళు గడప దాటి వచ్చి ఆయన తల్లిని తీసుకుపోయాయి. అటకెక్కిన పిల్లవాడు బతికాడు. ఆనాటి నుంచి ఆయన లెక్కలో చావు కిందినుంచే వస్తుంది.

ఖుద్దూస్ ఖాళీ బండితో వెళ్ళిపోయాడు. దైవాధీనం మూటలన్నీ తన పెంకుటింటి అటక మీదికి చేర్చాడు.

"పైన పట్టా అయినా కప్పండి" అంది సరోజ.

"నీళ్ళు పైనుంచి వస్తాయటే, పిచ్చిదానా!"

మధ్యాహ్నానికి గాలి ఈల మానేసి మూలగడం మొదలుపెట్టింది. ఆయన మూటలు సర్దడానికి నిచ్చెనెక్కాడు. నెత్తిమీద ఒక పెంకు లేచింది. అది ఎక్కడా పడిన చప్పుడు లేదు. దాని వెనకే వరసంతా పేకముక్కల్లా లేచిపోయింది. వాన ధారగా అటక మీదికి దిగింది. పంచెలు దాన్ని గుటకలేస్తూ తాగాయి.

"కిందికి తోసెయ్యండీ!" సరోజ నిచ్చెన పట్టుకుని అరిచింది. "ఇక్కడ చుక్క నీరు లేదు, చూడండి! మీరూ దిగండి!"

"వస్తాయే! నువ్వే పైకి రా, తొందరగా!"

ఆమె రెండు మెట్లెక్కి ఆయన పాదం పట్టుకుని లాగింది. ఆయన విదిలించుకున్నాడు. చేతికింద మూట అప్పటికే అంబలిలా మెత్తబడింది. పైన దూలం ఒకసారి కిర్రుమంది, ఆగి, మళ్ళీ కిర్రుమంది. దైవాధీనం మూటల మీద బోర్లా పడుకుని, పొడిగా ఉన్న గడప వంకే చూస్తున్నాడు, నీళ్ళ కోసం.