కడిగిన ఎముక

కరోనా తగ్గిన మరుసటి శ్రావణం. ఎమ్మిగనూరు బస్టాండులో ఉరుకుంద జాతర బస్సులు కిక్కిరిసి పోతున్నాయి. నేను ఆదోని బస్సు మెట్టు మీద కాలు పెట్టేసరికి ఒకామె కొంగులో మూట పట్టుకుని అడ్డం వచ్చింది.

"ఎముకల తాతంటే నువ్వేనాప్పా? ఇది యాడి రాయో సూసి సెప్పు."

మూట విప్పితే మట్టిముద్ద. లోపల రాయేదో ఉంది. బస్సు కదులుతోంది.

"ఇట్ల మట్టితో తెస్తే ఏం కనపడుతాది? బాగ కడిగి ఇంటికాడికి తీస్కరా పో" అన్నాను.

ఇన్నేళ్ల నా పనిలో నేను చేసిన పెద్ద పాపం ఆ ఒక్క మాట.

నా పనేమిటో చెప్పాలి. పడుచుతనంలో కూలికి వలసపోయి, గోదావరి తట్టు రాక్షసబల్లుల ఎముకలు తవ్వే సార్ల దగ్గర కుదిరాను. ఒళ్లు వంగినన్నాళ్లూ అదే చేసి, ఎమ్మిగనూరుకు తిరిగొచ్చాను. ఎముక దొరికితే ప్లాస్టర్ జాకెట్ వేయాలి. అంటే, విరిగిన కాలికి కట్టు కట్టినట్టు గోనెగుడ్డ, ప్లాస్టర్ చుట్టాలి. ఎముకో రాయో తేలకపోతే నాలుక ఆనిస్తాం. పాత ఎముకకు సన్నటి రంధ్రాలుంటాయి, నాలుకను పట్టుకుంటుంది. ఉత్త రాయి పట్టుకోదు.

ఎముకకు అంటిన మట్టిని మేట్రిక్స్ అంటారు. దాని రంగు, అందులోని ఇసుక పలుకు, చేప పొలుసు చూసి మా పెద్దసారు అది ఏ వాగు ఒడ్డుదో చెప్పేవారు. తవ్విన చోటును ఫీల్డ్ లేబుల్ మీద రాయాలి. నాకు రాత రాదు. ఒకసారి నాలుగు చోట్ల ఎముకలు ఒకే గంపలో వేసి తెచ్చాను. "చోటు తెలియని ఎముక గోడకు రాయిగా పెట్టుకోవడానికి పనికొస్తుంది, తీసుకుపో" అని సారు తిట్టారు. ఆ రోషంతో నలభై దాటాక అక్షరాలు దిద్దాను. నా పేరు కంటే ముందు యామనపల్లి అని రాయడం వచ్చింది. కోటాసారస్ అనే పొడుగుమెడ జంతువు ఎముకలు అంతకుముందే దొరికిన చోటు అది. అదే జాతివి ఎన్నో జంతువుల ఎముకలు కలగలిసి దొరికాయి కానీ ఒక్క తల కూడా దొరకలేదు. పళ్లు దొరికాయి. ఆ పళ్లను బట్టే ఆకు మేసేదని తెలిసింది.

మూడో రోజు ఆమె మా ఇంటికి వచ్చింది. పేరు కరుణమ్మ, ఆదోని దగ్గర పల్లె, కూలిపని. రాయి నిగనిగలాడుతోంది.

"సబ్బునీళ్లలో నానేసి, సందుల్లో పిన్నీసుతో గీకితినప్పా. ఒక్క పిసరు మట్టి లేదు, సూడు" అంది సంబరంగా.

ఎందుకింత కష్టపడ్డావని అడిగితే అప్పుడు చెప్పింది. ఆమె భర్త యేసోబును కరోనా రోజుల్లో ఒక మేస్త్రి పైపులైను తవ్వకానికి తీసుకుపోయాడు. గట్టు విరిగి మీద పడింది. బండ్లు లేవని శవాన్ని అక్కడే పూడ్చారు. కాగితం లేదు, ఏమీ లేదు. మేస్త్రి బట్టల మూట తెచ్చి ఇచ్చి, "గోదావరి తట్టు అడివి" అని మాత్రం చెప్పాడు. ఆ తర్వాత ఫోను ఎత్తలేదు. ఆ మూటలో ఉందీ రాయి.

"రాయిని బట్టి ఊరు సెప్తావంట. సెప్తివంటే పోయి ఆయన సమాధి కాడ సిలువ నాటి, ప్రార్థన సేసుకొనొస్తా."

రాయిని నాలుకకు ఆనించాను. మొదట సబ్బు రుచి తగిలింది. ఆ తర్వాత అది నాలుకను పట్టుకుంది. ఎముకే. పొడుగుమెడ జంతువు తోక పూస.

"కడిగిన నీళ్లు యాడ పోసినావు?"

"కాలవలో. ఏమప్పా?"

చోటు చెప్పేది ఆ మట్టేనని దాచకుండా చెప్పాను. ఆమె రాయి సందుల్లోకి తిప్పి తిప్పి చూసింది.

"నువ్వే కదప్పా కడగమంటివి."

"నేనే అంటిని."

పెద్దసారు హైదరాబాదులో ఉన్నారు. ఫోటోలు పంపి మాట్లాడాను. "ఆ తట్టుదే కావచ్చు. కానీ ఆ రకం నేల జిల్లాలకు జిల్లాలు పరుచుకుని ఉంది. మట్టి ఉంటే చూసేవాణ్ణి" అన్నారు. ఫోనులో ఆ మాట ఆమెకూ వినిపించింది.

ఆమె గోడకున్న కోటాసారస్ బొమ్మ వైపు చూసింది. బొమ్మ కింద, ఎముకలు దొరికిన ఊరి పేరు నా చేతిరాతతో ఉంది. అదేమిటని అడిగింది. చెప్పాను.

"కోట్ల ఏండ్ల కిందట సచ్చిన గొడ్డు. దానికి ఊరు పేరు రాసి గోడకేసినారు. మా ఆయన పోయి రెండేండ్లు. ఆయనకేం రాసినారప్పా?"

సార్లకు ఇస్తావా అని ఎముక మీద చెయ్యి వేస్తే లాక్కుంది. "ఇయ్యను. కడాకు ఆయన సేతులు తగిలింది దీనికే."

నాకు తెలిసింది ఒక్కటే పని. పాత లేబుల్ ఒకటి తీసి రాశాను. ఎముక: తోక పూస. దొరికించుకున్నవాడు: యేసోబు. చోటు. అక్కడ కలం ఆగింది.

"ఏం రాసినావు? సదువు."

చదివాను.

"చోటు కాడ?"

"ఏం రాయలే."

లేబుల్‌ను రాయికి చుట్టి, కొంగులో ముడేసుకుని పోయింది. మళ్లీ రాలేదు.

తెలిసినవాడని నమ్మి వచ్చినవాళ్లు వాడు ఏం చెబితే అది చేస్తారు. అందుకని తెలిసినవాడు ముందు చూడాలి, తర్వాతే నోరు తెరవాలి. ఇది నేర్చుకున్నాను. నేర్చుకుని ఏం లాభం? యేసోబు ఉన్న చోటు వాళ్ల పల్లె కాలవలో కొట్టుకుపోయింది.