మిడతను నమ్మని మా బామ్మ

మా బామ్మ కామేశ్వరమ్మకు ఈ లోకంలో అనుమానం లేని వస్తువు తన పోపులపెట్టె ఒక్కటే. పాలవాడు కుడిచేత్తో పాలు పోస్తుంటే ఎడంచెయ్యి ఏం చేస్తోందని చూసేది. అల్లవరం బస్సు ఏ రోజైనా వేళకు వస్తే, ఎందుకొచ్చిందా అని గుమ్మంలో నిలబడి ఆలోచించేది. తాతయ్య యజ్ఞనారాయణ జపంలో కళ్లు మూసుకుంటే, అది ధ్యానమో కునుకో తేల్చుకోవడానికి ఓసారి ఇత్తడి గిన్నె జారవిడిచి చూసిన మనిషి. ఆయన ఉలిక్కిపడ్డాడు. ఆవిడ నవ్వుకుంది.

ఆవిడ చదువు అయిదో తరగతి దగ్గరే ఆగిపోయింది. కానీ ఆ కాస్త చదువుతోనే ఊళ్లో పెద్ద పేరు సంపాదించుకుంది. శుక్రవారం శుక్రవారం అమలాపురం బస్సులో ‘చిరుగంట’ వారపత్రిక వచ్చేది. మధ్యాహ్నం భోజనాలయ్యాక మా పెరట్లోకి ఆడవాళ్లు చేరి, కొబ్బరాకులు చీరి ఈనెలు తీసి చీపుళ్లు కట్టేవారు. చర్చి పేట నుంచి కృపావతి, ఆమె తోటికోడలు సుందరి వచ్చేవారు. పక్కింటి మంగాయమ్మ మాత్రం పని లేకుండానే వచ్చేది. వాళ్లలో ఎవరికీ అక్షరాలు రావు. బామ్మ పెరటి అరుగు మీద పీట వేసుకుని, కళ్లజోడు సర్దుకుని, పత్రికలో వచ్చే ‘మెరుపు వంశం’ బొమ్మల కథ చదివేది. వాళ్లు కింద కూర్చుని వినేవారు.

ఆ వంశంలో ముగ్గురు. మెరుపుదొర ఆకాశంలో ఎగురుతాడు. ఆయన భార్య వజ్రమ్మ తుపాకీ గుండును అరచేత్తో ఆపి, వేడిగా ఉంటే ఊదుకుని అవతల పారేస్తుంది. కూతురు చిట్టిపిడుగు గోడల్లోంచి నడిచిపోతుంది. నాగప్ప అనే దుర్మార్గుడి మీద వీళ్లు ఏళ్ల తరబడి యుద్ధం చేస్తూనే ఉన్నారు. మా పెరట్లో ఆ ముగ్గురూ ఇరుగుపొరుగు వాళ్ల కిందే లెక్క. వజ్రమ్మ ఈ మధ్య చిక్కిపోయిందని ఒక వారం బెంగ. చిట్టిపిడుగుకు ఈడొచ్చింది, ఇంకా గోడల్లోంచి తిరగడమేమిటని మరో వారం బెంగ. నాగప్ప గడ్డం అతికించుకుని సన్యాసిగా వచ్చినప్పుడు, పేజీ తిప్పకముందే “వీడే వాడు” అని బామ్మ చెప్పేసింది. అప్పటి నుంచి ఆవిడ మాటకు తిరుగులేదు.

డెబ్బై తొమ్మిదిలో, వానలు మొదలైన నెలలో, ఆ వంశంలోకి నాలుగో మనిషి వచ్చాడు. పేరు మిడత. ఆకుపచ్చ ముసుగు, పొడుగాటి కాళ్లు. ఒక్క దూకులో ప్రహరీ దాటి, వజ్రమ్మ వంటింట్లో తేలాడు.

“ఎవరబ్బాయండీ ఇతను?” అంది కృపావతి.

“అదే రాయలేదే.”

“ఏ ఊరో?”

“ఊరూ లేదు, ఇంటిపేరూ లేదు. ‘నేను మీకు తోడుంటాను’ అన్నాడు, దొర సరేనన్నాడు.”

ఈనెలు తీసే చేతులు ఆగిపోయాయి. మా వైపు కొత్తమనిషి గుమ్మంలో అడుగుపెడితే మంచినీళ్ల కన్నా ముందు ఇచ్చేది ఆ ప్రశ్నే. మెరుపుదొర అంతటివాడు అది అడగడమే మరిచిపోయాడు.

“చూడండర్రా,” అని బామ్మ పత్రిక తిప్పి చూపించింది. “బయటి నుంచి వచ్చేడా? వచ్చేడు. కాళ్లు కడుక్కున్నాడా? లేదు. తిన్నగా వంటింట్లోకి వచ్చి పీట మీద కూచున్నాడు. పైగా ముసుగుతోనే అన్నం తింటున్నాడు.”

“ముసుగుంటే ముద్ద ఎలా వెళ్తుందండీ?”

“నా అనుమానమూ అదే.”

మంగాయమ్మ ముక్కు మీద వేలేసుకుంది. “పేరు చూసేరా వదినగారూ, మిడత! మిడత చేను మేసిందని విన్నాం గానీ కాపలా కాసిందని ఎక్కడైనా విన్నామా?”

సుందరి ఒక్కతే తల దించుకుని అంది. “ఎవరూ లేని కుర్రోడేమోనండి అమ్మగారూ. పెట్టింది తింటున్నాడు గానీ ఎత్తుకుపోలేదు కదండీ.”

“నిన్నగాక మొన్న కాపురానికొచ్చేవు. నీకేం తెలుసే మనుషుల సంగతి?” అంది బామ్మ.

“మా తోటికోడలికి అందరూ మంచోళ్లేనండి,” అంది కృపావతి. “కోడిపిల్లని తన్నుకుపోయిన గద్దని చూసి, పాపం ఆకలేసిందేమో అంటాదండి ఇది.”

అందరూ నవ్వారు. ఆ నవ్వుల ఊపులో బామ్మ గొంతు పెంచేసింది. “అందరూ వినండి. వీడు నాగప్ప పంపిన మనిషి. కాదని తేలిననాడు ఈ అరుగు మీద కూచుని నేను మళ్లీ పుస్తకం పట్టను. ఆయ్, ఇది కామేశ్వరమ్మ మాట.”

నోరు జారితే అంతే సంగతులు. వారమంతా పొయ్యి దగ్గరే బతికే మనిషికి ఆ అరుగు ఒక్కటే సింహాసనం. ఆ పందెంలో ఆవిడ పెట్టింది దాన్నే.

బామ్మకు ఒక అలవాటుంది. పెద్ద మాటల దగ్గర తడబడితే పరువు పోతుందని, పత్రికను ముందు వంటింట్లో ఒకసారి తనలో తాను చదువుకునేది. తర్వాతి వారం అలా చదువుతూ చదువుతూ ఆగిపోయింది. మెరుపుదొర ఇల్లు తగలబడుతోంది. మిడత మంటల్లోకి దూకి, స్పృహ తప్పిన చిట్టిపిడుగును భుజాన వేసుకుని బయటకు తెచ్చాడు. దొర అతన్ని కౌగిలించుకుని ‘నువ్వు నా కొడుకువి’ అన్నాడు.

“ఏమిటే, మీవాడు దొరికేడా?” అన్నాడు తాతయ్య గుమ్మంలోంచి.

“మావాడేమిటి? మీ భోజనం అయిందిగా, పడుకోండి.”

“పడుకుంటాలే. అరుగు ఖాళీ అవుతోందేమో, అక్కడ పడుకుందామని అడిగేను.”

ఆ మాటతో బామ్మ పళ్లు బిగించింది. అరుగు మీదకు వెళ్లి, పీట మీద కూర్చుని, పత్రిక తెరిచి, పత్రికలో లేనిది చదివింది.

“‘దొరికావు పిల్లా! నిన్ను నాగప్పకు అప్పగిస్తా’ అన్నాడు మిడత.”

“అమ్మో!” అంది కృపావతి.

బొమ్మలు మాత్రం అందరికీ చూపించి తీరాలి, అది ఎప్పటి నుంచో ఉన్న మర్యాద. సుందరి తొంగి చూసింది. “ఈ బొమ్మలో తెలివొచ్చినట్టుందండి పిల్లకి. అతన్ని చూసి నవ్వుతోందేంటండీ?”

“మత్తుమందు. మత్తుమందిస్తే అలాగే నవ్వుతారు.”

“దొరగారు కౌగిలించుకున్నారు కదండీ?”

“పీక పట్టుకున్నాడు.”

“చెయ్యి వీపు మీదుందండి.”

“వెనకనుంచి పీక పట్టడం మెరుపుదొర విద్య. నువ్వు ఈనెలు తియ్యి.”

అబద్ధానికి ఆకలెక్కువ. వారం వారం దానికి మేత వెయ్యాల్సి వచ్చింది. పత్రికలో మిడత బావిలో పడ్డ లేగదూడను తీస్తే, మా పెరట్లో బావిలో విషం కలిపాడు. అక్కడ వజ్రమ్మ జ్వరానికి మందు తెస్తే, ఇక్కడ ఆవిడ గాజులు దొంగిలించాడు. ఈ కథలు అల్లే ధ్యాసలో పప్పులో ఉప్పు రెండుసార్లు పడేది. తాతయ్య ఆ పప్పు మీద ఇంకాస్త మజ్జిగ పోసుకునేవాడు. మంగాయమ్మ, ఏ ఇంటికి ఏ కొత్త కుర్రవాడు పనికి వచ్చినా వాడి కాళ్ల పొడవు చూసేది. కృపావతి అయితే మిడత పేరు వస్తే చాలు, చాకుతో ఆకును పర్రున చీరి “నీ కాళ్లిరగ!” అనేది. ఆ తిట్టు విన్నప్పుడల్లా బామ్మ కళ్లజోడు తీసి తుడుచుకునేది. సుందరి మాత్రం మాట్లాడడం మానేసింది. బొమ్మలు మాత్రం ఇంకాస్త సేపు చూసేది. ఆ చూపు మీద బామ్మకు అనుమానం.

కార్తీకమాసంలో ఒక శుక్రవారం బస్సు ఆలస్యమైంది. పత్రిక వచ్చేసరికి ఆడవాళ్లంతా పెరట్లోనే ఉన్నారు. ముందుగా చదువుకునే వీలు లేకపోయింది. బామ్మ అరుగు మీదే పేజీ తెరిచింది.

పేజీ నిండా ఒకే బొమ్మ. నాగప్ప దొర మీదకు విసిరిన బల్లేనికి మిడత అడ్డం వెళ్లాడు. ఇప్పుడు వజ్రమ్మ ఒడిలో పడి ఉన్నాడు. ముసుగు తొలగిపోయింది. లోపల మీసకట్టు కూడా సరిగా రాని మొహం. చిట్టిపిడుగు అతని పాదాలు పట్టుకుని ఏడుస్తోంది.

కృపావతి మెడ చాచి చూసి చప్పట్లు కొట్టింది. “చచ్చేడా? పోన్లెండి, పీడ విరగడైంది! వజ్రమ్మగారే పొడిచేరాండీ?”

‘ఆయ్, ఆవిడే’ అంటే సరిపోయేది. అరుగు నిలిచేది. బామ్మ నోరు తెరిచింది కూడా. కానీ చప్పట్లు కొడుతున్న ఆ చేతులకేసి చూసింది, ఒడిలో ఉన్న పిల్లవాడికేసి చూసింది. తర్వాత కళ్లజోడు సర్దుకుని, వేలు పెట్టి, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ అక్కడున్నది చదివింది.

“‘అమ్మా, నేను ఎవరినని మీరు ఎన్నడూ అడగలేదు. ఆ ఒక్కటీ చాలు నాకు’ అన్నాడు మిడత.”

కృపావతి చేతులు దించేసింది.

“అదేంటండీ?” అంది కృపావతి. “నాగప్ప మనిషి కదండీ?”

“కాదు. ఎప్పుడూ కాదు. మంటల్లోంచి పిల్లను తెచ్చింది కాపాడ్డానికే. దొర కౌగిలించుకున్నాడు. గాజులూ, విషమూ నేను కల్పించేను.”

కృపావతి లేచి నిలబడింది. “ఇన్నాళ్లూ ఆ బిడ్డని నా నోటితో తిట్టించేరండీ! కాళ్లిరగాలన్నాను కదండీ నేను!” చాకు అక్కడే పడేసి, పమిట నోటికి అడ్డం పెట్టుకుని వెళ్లిపోయింది. మంగాయమ్మ కూడా “పొయ్యి మీద పాలున్నాయి వదినగారూ” అని జారుకుంది.

సుందరి మిగిలింది.

“నీకు ముందే తెలుసు కదూ?” అంది బామ్మ.

“ఆయ్. కళ్లున్నాయి కదండీ.”

“మరి అనవేం?”

“అంటే మీరు చదవడం మానేస్తారని భయమేసిందండి. పోన్లే, వినేది ఓ కథ, చూసేది ఓ కథ అనుకున్నాను.”

మరుసటి శుక్రవారం వచ్చిన పత్రికను బామ్మ విప్పలేదు. ఆ పై శుక్రవారం కూడా అంతే. కృపావతి రాలేదు. అరుగు మీద తాతయ్య హాయిగా పడుకున్నాడు. ఆ గురక వినలేక బామ్మ పెరట్లోనే అటూ ఇటూ తిరిగింది.

మూడో వారం సుందరి, తోటికోడల్ని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. “మిడతొచ్చిన కాణ్ణించి మళ్లీ చదవాలంటండి మా అక్క. ఉన్నదున్నట్టు.”

“నేను అరుగు ఎక్కనే. మాటంటే మాటే,” అంది బామ్మ.

“ఎవరెక్కమన్నారండీ మిమ్మల్ని?” అంది కృపావతి, మొహం ఇంకా పక్కకే పెట్టుకుని.

బామ్మ పాత పత్రికలన్నీ తెచ్చి, పీట లేకుండా, ఈనెల పోగు పక్కన నేల మీద కూర్చుంది. కృపావతి వచ్చి మోకాలికి మోకాలు తగిలేంత దగ్గరగా కూర్చుంది. చాకు పట్టలేదు. చూపుడువేలు బొమ్మ మీద పెట్టింది.

“ఇక్కడేముందండీ?”

“‘నేను మీకు తోడుంటాను’ అని ఉంది.”

“అంతేనా?”

“అంతే.”

“దాని కింద ఏదో చిన్నగా ఉంది కదండీ, అది వదిలేసేరు.”

“అది పేజీ నంబరే తల్లీ!”

కృపావతి కాసేపు బామ్మ కళ్లలోకి చూసింది. నమ్మినట్టు లేదు. వేలితో ఆ అంకెను సుందరికి చూపించి, “నువ్వు చూడు,” అంది.