పెదనాన్న చెవికి సరిపడ్డ స్పీకరు

మా పెదనాన్న డీజిలింజను డ్రైవరుగా రిటైరైన రోజు, తోటి డ్రైవర్లంతా కలిసి ఆయనకు ఒక డీజిలింజనునే బహుమతిగా ఇచ్చారు. జానెడు పొడవు. ఆయన నడిపిన రకమే, అదే రంగు, అదే మొండి ముక్కు. దానితోపాటు గుండ్రంగా అమర్చుకునే పట్టాలు, వేగం పెంచే మీట ఉన్న చిన్న కంట్రోలరు. శాలువా కప్పి గోడగడియారం చేతిలో పెట్టి పంపేసే ఊళ్లో ఇది విప్లవమే అనుకోవాలి.

పెదనాన్న దాన్ని భోజనాల బల్ల మీద ఒక్క చుట్టు తిప్పి ఆపేశాడు.

"బావుంది. కానీ కరెంటింజనులా ఉంది."

"డీజిలే కదా పెదనాన్నా, సరిగ్గా చూడండి," అన్నాను.

"చూట్టానికి డీజిలేరా. మోత ఏది?"

అప్పుడే నోరు జారాను. మోత నేను పెడతానన్నాను. నాది సీసీ కెమెరాలు బిగించే పని. అవి దొంగను పట్టుకోవు, దొంగ టోపీ పెట్టుకుని వచ్చాడని మాత్రం మరునాడు చూపిస్తాయి. వైర్లు అతకడం వచ్చు కాబట్టి అన్నీ వచ్చనే నమ్మకం నాకు పుష్కలం. మర్నాడు ఉదయం వాకింగులో పెదనాన్న తన స్నేహితులందరికీ చెప్పేశాడు. "మావాడు దానికి సౌండు పెడుతున్నాడు, ఆదివారం భోజనానికి వచ్చి వినండి."

సౌండు పెట్టడం చెప్పుకోవడానికి తేలికే. గోరంత చిప్పులో అసలు ఇంజను మోత రికార్డు చేసి ఉంటుంది. అది స్టార్టయ్యే దగ్గు, నిలబడి ఉన్నప్పటి గుడగుడ, హారను. చిప్పుకు ఒక స్పీకరు తగిలించి రెండింటినీ ఇంజను పొట్టలో దాచాలి. చిప్పు ముందే తెప్పించాను. స్పీకరుకి సెల్‌ఫోనులో ఉండేది సరిపోతుందనుకున్నాను. బొటనవేలి గోరంత ఉంది, ఎక్కడైనా పడుతుంది.

బిగించి, పెదనాన్న ఇంట్లో మీట తిప్పాను. కీచుమని మొదలైంది. వంటింట్లోంచి పెద్దమ్మ చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది.

"దోమల బ్యాటు ఎక్కడ పెట్టార్రా?"

నేను నవ్వుతూ పెదనాన్న వైపు తిరిగాను. ఆయన బల్ల మీదికి వంగి, ఓపిగ్గా, ఇంజను ముక్కు వైపే చూస్తున్నాడు.

"ఊఁ, ఇంక స్టార్ట్ చెయ్యరా," అన్నాడు.

నా నవ్వు సగంలో ఆగింది.

పెదనాన్న చెవుల సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. డీజిలింజను క్యాబులో అన్నేళ్లు కూర్చున్నాక సన్నటి శబ్దాలు ఆయన్ని వదిలి వెళ్లిపోయాయి. లావుపాటి గొంతులు, లారీలు, ఉరుములు వినబడతాయి. కుక్కరు కూత, ఫోను రింగు, పెద్దమ్మ, ఈ మూడూ వినబడవు. మూడోదాన్ని మాత్రం పెద్దమ్మ నమ్మదు. చెవి మిషను మాటెత్తితే ఆయన సమాధానం సిద్ధంగా ఉంటుంది: "నా చెవులకేం రోగం లేదు. జనమే సన్నగా మాట్లాడ్డం మొదలెట్టారు."

మా ఇద్దరి మొహాలు చూసి ఆయనకు అర్థమైంది. "ఓహో, స్టార్టయ్యే ఉందా," అన్నాడు. మీట ఆయనే వెనక్కి తిప్పేశాడు. "సరేలే. షోకేసులో పెట్టెయ్. చూట్టానికి బావుంది."

ఇందులో కన్నీళ్లు పెట్టుకోవాల్సిందేమీ లేదు. బొమ్మ ఇంజనే కదా. కానీ ఆదివారం ఆయన పాత మిత్రులు వచ్చి బల్ల చుట్టూ కూర్చుని "అబ్బ, అచ్చు మన బండే" అంటూంటే, ఈయన ఒక్కడు తల ఊపుతూ విన్నట్టు నటించడం తలుచుకుని, షోకేసులో పెట్టకుండా ఇంజనునూ పట్టాలనూ మా ఇంటికి తెచ్చేసుకున్నాను. ఆ స్పీకరు ఊరంతటికీ వినబడక్కర్లేదు. ఆ ఒక్క జత చెవులకు వినబడితే చాలు.

అంటే లావు గొంతున్న స్పీకరు కావాలి. వన్ టౌన్లో రేడియోలు, యాంప్లిఫయర్ల సామాను అమ్మే సందుకి వెళ్లాను. తోపుడుబండి అడ్డం పెట్టి ఎవరో వంకాయలు బేరమాడుతున్నారు. వాటిని దాటితేగానీ శబ్దశాస్త్రం అందదు. దుకాణాయన రూపాయి బిళ్ల కంటే కొంచెం పెద్ద స్పీకర్ల డబ్బా నా ముందు బోర్లించాడు. ఒకదానికి అట్ట దళసరిగా, వెనక అయస్కాంతం బరువుగా ఉంది. వేలితో నొక్కితే మెత్తగా లోపలికి వెళ్లి వస్తోంది. లావు గొంతుకు అదే గుర్తు. కానీ దాని మీద అంకె చెరిగిపోయింది. నా చిప్పుకు ఎనిమిది ఓములకు తక్కువున్న స్పీకరు తగిలిస్తే చిప్పు కాలిపోతుందని కాగితంలో ఎర్రక్షరాలతో రాశారు.

"ఇది ఎనిమిదేనాండీ?"

"ఎనిమిదేనండీ బాబూ."

"అంకె లేదు కదండీ."

"నేను చెప్తున్నాగదండీ. ఇంతకీ ఏ బండికండీ? ఆటోకా, కారుకా?"

"రైలింజనుకండీ."

ఆయన నన్ను కాస్త జాలిగా చూసి కవరులో వేసి ఇచ్చాడు. ఇంటికొచ్చి మీటరు పెడితే ఏడు చూపించింది. ఎనిమిది ఓముల స్పీకరు మీటరులో ఏడే చూపిస్తుందని నాకు తర్వాత తెలిసింది. తర్వాత తెలిసేవన్నీ మనకు అప్పుడు పనికిరావు.

స్పీకరుకు వెనక గాలి చొరబడని పెట్టె ఉండాలి. ముందు నుంచి వచ్చే శబ్దం, వెనక నుంచి వచ్చే శబ్దం ఎదురుపడితే ఒకదాన్నొకటి తినేస్తాయి. మా అపార్టుమెంటు సంఘం సమావేశంలాగే చివరికి ఏమీ మిగలదు. మా ఇంటి షోకేసులో కాలు విరిగిన ఎద్దుతో కొండపల్లి ఎడ్లబండి ఒకటి ఏళ్లుగా ఉంది. దాని చెక్క తేలిక, చాకుతో కోస్తే వెన్నలా తెగుతుంది. బండి అడుగుభాగం కోసి చిన్న పెట్టె చేసి, అతుకులన్నీ ఫెవికాలుతో మూసేశాను. ఎడ్లబండి డీజిలింజను కడుపులోకి వెళ్లింది. అభివృద్ధి అంటే ఇదే కాబోలు.

చోటు కోసం మాత్రం ఇంజను లోపలి బరువు దిమ్మను రంపంతో కోయాల్సి వచ్చింది. మిత్రులంతా కలిసి ఇచ్చిన కానుకను రంపంతో కోస్తుంటే, పక్కింటివాళ్ల పెళ్లి ఆల్బమును కత్తిరిస్తున్నట్టే అనిపించింది. స్పీకరును డీజిలు ట్యాంకు స్థానంలో, నేల వైపు మొహం పెట్టి బిగించాను. శనివారం సాయంత్రం మా ఇంట్లో ఒకసారి మీట తిప్పితే గుడగుడలాడింది. ఇంకోసారి తిప్పే ధైర్యం చాలక డబ్బాలో పెట్టేశాను.

ఆదివారం డబ్బా తెరిచేసరికి పెద్దమ్మ హారతి పళ్లెంతో సిద్ధంగా ఉంది.

"కొత్తగా రిపేరు చేసిన బండి. ఊరికే తిప్పుతారా?"

చక్రాలకు పసుపు పూసింది, ముక్కున కుంకుమ బొట్టు పెట్టింది. పట్టాలకు కూడా నాలుగు వైపులా పసుపు రాసింది. చక్రం కింద పెట్టడానికి నిమ్మకాయ తెచ్చి చూస్తే, ఇంజను కంటే నిమ్మకాయే ఎత్తుగా, అధికారంగా ఉంది.

"బండి దీన్ని ఎక్కదు పెద్దమ్మా. ఇదే బండి మీదికి ఎక్కుద్ది," అన్నాను.

ఆవిడ ఫ్రిజ్‌లోంచి రెండు ద్రాక్షపళ్లు తెచ్చి పెట్టింది. నేనే ఇంజనును చేత్తో ముందుకు తోసి తొక్కించాను. అందరం దణ్ణం పెట్టుకున్నాం. పెదనాన్న మిత్రులు నలుగురు అప్పటికే వచ్చి కూర్చున్నారు. వారిలో ఒకాయన మైలవరం నుంచి బస్సులో వచ్చాడు. పూర్వం పెదనాన్న దగ్గర అసిస్టెంటు. నేను బాబాయి అంటాను.

మీట తిప్పాను.

ఏమీ లేదు.

ఇంకా తిప్పాను. ఒక్కసారి 'చిట్' మని, మళ్లీ నిశ్శబ్దం.

"సిగ్నలు పడలేదేమోరా అబ్బాయ్," అన్నాడు మైలవరం బాబాయి. అందరూ నవ్వారు. పెదనాన్న నవ్వలేదు. నా మొహం కేసి చూశాడు, మీట కేసి చూశాడు, మళ్లీ నా మొహం.

"స్టార్టయిందా?" అని నెమ్మదిగా అడిగాడు.

"లేదు పెదనాన్నా. నిజంగానే స్టార్టవలేదు."

ఆయన మొహంలో కొంచెం ఊరట కనిపించింది. నాకు మాత్రం ఆ మీటరు చూపించిన ఏడు కళ్ల ముందు నిలబడింది. చిప్పు కాలిపోయింది. దిమ్మ కోసేశాను. బహుమతి పోయింది. దుకాణాయన 'నేను చెప్తున్నాగదండీ' అన్న మాట చెవిలో మోగుతోంది, అదీ బ్రహ్మాండమైన లావు గొంతుతో.

టవలు పరిచి ఇంజనును తిరగేసి, స్క్రూలు విప్పి వాసన చూశాను. కాలిన వాసన లేదు. వైర్లు లాగి చూశాను. నలుగురు రిటైరైన డ్రైవర్లు నలుగురు సర్జన్లలా వంగి చూస్తున్నారు. ఒకాయన డీజిలు పోశావా అన్నాడు. అంతలో పెద్దమ్మ పులిహోర గిన్నెతో వచ్చి ఆగిపోయింది.

"ఒరేయ్, తెల్ల టవలురా అది! ఎంత పసుపు చేశావో చూడు. ఉతికినా పోదు."

టవలు చూశాను. చక్రాలు ఆనిన చోటల్లా పసుపు మరకలు, వాటి మీద ద్రాక్ష జిగురు. ఈ ఇంజనుకు కరెంటు పట్టాల్లోంచి చక్రాల ద్వారానే ఎక్కాలి. ఆ పట్టాలకూ చక్రాలకూ మధ్య మేం భక్తిగా ఒక గోడ కట్టేశాం. ఇంతమంది రైలోళ్లున్నారు, ఇంతసేపు చూశాం, ఎవరికీ తట్టలేదు. ఎందుకంటే మా దృష్టిలో బండికి పసుపు రాయడం బండికి ఏదో చెయ్యడం కాదు. బండి అంటేనే పసుపు రాసినది.

"పెద్దమ్మా, శానిటైజరు ఉందా?"

"చేతులకా, ఇంజనుకా?"

"ఇంజనుకే."

కరోనా నాటి సీసా అలమర వెనక ఇంకా ఉంది. దూది ముంచి చక్రాలు, పట్టాలు తెల్లగా వచ్చేదాకా తుడిచాను. కుంకుమ బొట్టు జోలికి పోలేదు. అంత ధైర్యం చిప్పు కాలినా రాదు. స్క్రూలు బిగించి, పట్టాల మీద పెట్టి, మీట తిప్పాను.

ఇంజను దగ్గింది. ఇంకోసారి దగ్గింది. తర్వాత గుడగుడ మొదలైంది. నేల వైపు మొహం పెట్టిన స్పీకరు కదా, మోత టేకు బల్లలోకి దిగి, బల్ల మొత్తం గొంతు కలిపింది. పులిహోర గిన్నెలో గరిట సన్నగా వణికింది. నేను చూస్తున్నది మాత్రం గరిటను కాదు.

పెదనాన్న కదలకుండా కూర్చున్నాడు. మైలవరం బాబాయికి ఆగే గుణం లేదు.

"గురువుగారూ, వినపడతందాండీ?"

పెద్దమ్మ గరిట మోగకుండా చేత్తో పట్టుకుంది.

"నువ్వు నోరు మూస్తే వినపడుద్ది," అన్నాడు పెదనాన్న.

నలుగురూ గొల్లుమన్నారు. ఆయన అరచెయ్యి బల్ల మీద ఆనించి, కళ్లు మూసుకోకుండా, సినిమా పని ఏమీ చెయ్యకుండా, ఇంజను ఒక చుట్టు పూర్తిచేసేదాకా విన్నాడు. తర్వాత మీట తన వైపు లాక్కున్నాడు. భోజనాలు చల్లారేదాకా వదల్లేదు. "హారను కాస్త పొట్టిగా ఉందిరా," అని ఒక్క వంక పెట్టాడు. ఆ వంక విని నా మనసు ఎంత తేలికపడిందంటే, పులిహోర మళ్లీ మళ్లీ వడ్డించుకున్నాను. వినబడనివాడు వంక పెట్టలేడు కదా.

మిత్రులు వెళ్లాక పెద్దమ్మ టవలు నానబెట్టి, నా పక్కన కూర్చుని, ఆ స్పీకరు సంగతేమిటో చెప్పమంది. సన్నగొంతైతే ఆయనకు అందదని, లావు చేసి, కింది నుంచి పంపితే అందుతుందని చెప్పాను. ఆవిడ గొంతు సవరించుకుని, గడ్డం కిందికి నొక్కి, లారీ గేరు మార్చినట్టు అంది:

"ఏవండీ. కాఫీ పెట్టనా?"

పెదనాన్న మీట వదలకుండానే ఇటు తిరిగాడు.

"పెట్టు. దానికి అంత అరవడం దేనికి?"