ఎర్రబడని స్ట్రాబెర్రీలు

మా పిన్ని అబద్ధం చెప్పదు. ఇది పొగడ్త కాదు, ఫిర్యాదు. చిన్నప్పుడు నేను మొదటిసారి చేసిన కేకు తిని, "గుడ్డు ఎక్కువైంది, ఓపిక తక్కువైంది" అంది. ఇంటికొచ్చిన చుట్టం కొత్త జోళ్ళు చూపించి ఎలా ఉన్నాయని అడిగితే, "కాలికి బాగానే ఉన్నాయి, కంటికే బాలేవు" అంది. అందుకే మా ఇళ్ళల్లో ఆవిణ్ణి ఏదైనా అడగాలంటే ముందు గుండె చిక్కబట్టుకుంటాం.

ఆవిణ్ణి కట్టుకున్న మా బాబాయి దర్జీ. మనిషి కనిపిస్తే ముందు భుజాలు చూస్తాడు, తర్వాతే మొహం. నేను గుమ్మంలో అడుగుపెట్టగానే "ఎడం భుజం వాలిపోతోందమ్మాయ్, బ్యాగు ఇటు మార్చు" అంటాడు. రంగుల విషయంలో మరీ చాదస్తం. ఎవరు గుడ్డ తెచ్చినా అంచున వేలెడు ముక్క కత్తిరించి, గుండుసూదితో జేబుకి గుచ్చుకుని దారాల కొట్టుకి వెళ్తాడు. పగటి వెలుగులో పక్కపక్కన పెట్టి చూసుకుంటే గాని దారం కొనడు. ఆ ముక్కని శాంపిల్ అంటాడు. కళ్ళు మోసపోతాయట గాని శాంపిల్ మోసపోదట.

వాళ్ళకీ మాకూ మధ్య ఒక్కటే గోడ. ఆయన కొట్టు ఆ ఇంటి ముందుగదే. సాయంత్రాలు నేను వెళ్ళి బొత్తాలు కుట్టి పెడుతుంటాను. కాబట్టి ఈ సంగతంతా నాకు విని తెలిసింది కాదు, చూసి తెలిసింది.

పిన్ని వీధి చివర బేకరీలో పనిచేసేది. అక్కడ ఓవెన్‌కి గడియారం ఉన్నా దాన్ని ఎవరూ చూసేవారు కాదు. పిన్ని ఏ మూలో పిండి పిసుకుతూ "ఇక తియ్యండి" అంటే తీసేవారు. బ్రెడ్డు కాలిందో లేదో ఆవిడ ముక్కుకి తెలిసిపోయేది. అలాంటి మనిషికి ఒక జ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది, వాసన మాత్రం తిరిగి రాలేదు. పనిలోకి వెళ్ళిన మొదటి రోజే, ఆవిడ పక్కన నిలబడి ఉండగానే ఒక ట్రే బ్రెడ్డు బొగ్గయిపోయింది. పొగ కంటపడేదాకా ఆవిడకి తెలియలేదు. ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. ఆవిడే ఏప్రన్ విప్పి, మడతపెట్టి అక్కడ పెట్టి, ఇంటికి వచ్చేసింది.

అప్పట్నుంచి తిండి మీద ఇష్టం పోయింది. "అట్టముక్క నమిలినట్టుంది" అని కంచం పక్కకి జరిపేది. డాక్టరు వాసన తిరిగి రావచ్చన్నాడు, రాకపోవచ్చన్నాడు, మంచి గాఢమైన వాసనలు రోజూ చూపిస్తూ ఉండమన్నాడు. బాబాయి కాఫీ పొడి, సబ్బు, ఉల్లిపాయ వరసగా పెట్టి పరీక్ష పెట్టేవాడు. "ఏమీ లేదు" అనేది పిన్ని. ఆవిడ చిక్కిపోతోందని మా అందరి కంటే ముందు ఆయనకే తెలిసింది. ఆవిడ జాకెట్లు ఆయనే కుడతాడు మరి. ఒకసారి లోపలికి పట్టి కుట్టాడు. కొన్నాళ్ళకి మళ్ళీ పట్టాల్సి వచ్చింది. ఆ రెండోసారి మిషన్ సగంలో ఆపి, టేపు చేతిలో పట్టుకుని అలాగే కూర్చుండిపోయాడు. నేను బొత్తాం కుడుతున్నట్టు తల వంచుకున్నాను. నాకు ఏడుపొచ్చింది.

ఒకరోజు పిన్ని తనంతట తనే అంది: "చిన్నప్పుడు మా పెరట్లో స్ట్రాబెర్రీలు ఉండేవి. ఆ వాసన తలలో ఉంది గాని ముక్కులో లేదు."

మర్నాడు బాబాయి కొట్టు మూసి నర్సరీకి బయలుదేరాడు. నన్నూ తీసుకెళ్ళాడు.

"పెద్ద కాయ కావాలా, ఎక్కువ కాయ కావాలా?" అంది నర్సరీ ఆవిడ.

"వాసనెక్కువది కావాలి."

ఆవిడ మట్టి చేతులు దులుపుకుని ఆయన్ని తేరిపార చూసింది. "అందరూ సైజు అడుగుతారండీ. వాసన అడిగింది మీరొక్కరే." రెండు రకాలు ముందు పెట్టింది. ఒకటి పెద్ద పళ్ళది, రెండోది చాలాకాలం విడవకుండా కాసేది. తర్వాత కాసేపు ఆలోచించి, వెనక నీడలో ఉన్న చిన్న కుండీలు తెచ్చింది. "ఇది గోరంత కాయ. మెత్తన. సంతకి చేరేలోపే నలిగిపోతుంది, అందుకే ఎవరూ పెంచరు. దీన్ని కంటితో కాదండీ, ముక్కుతో చూసుకోవాలి."

బాబాయి బుద్ధిగా తలూపాడు. అమ్మేవాళ్ళు అలాగే అంటారులే అనుకున్నాడని తర్వాత తెలిసింది.

పెరడంటే ఎంతని! వంటగదికీ బట్టలారేసే తాడుకీ మధ్య ఉన్న జాగా. బాబాయి టేపు పరిచి, సుద్దతో గీతలు గీసి, కొన్న మూడు రకాలూ రకానికొకటి చొప్పున మూడు వరసలు నాటాడు. కుట్టు లోతుగా పడితే ఊడదని మొక్కల్ని కూడా లోతుగా కుక్కేశాడు. ఆకులు పుట్టే మొదలు మట్టిలో కూరుకుపోయి కొన్ని కుళ్ళిపోయాయి. మిగతావాటిని పైకి లేపి నాటాడు. కాయలకి మట్టి అంటకుండా కొట్టులో మిగిలిన గుడ్డపీలికలు కింద పరిచాడు. గళ్ళవీ చారలవీ పరుచుకుని, మా మొక్కలు అతుకుల దుప్పటి మీద కూర్చున్నట్టుండేవి. చివరికి ముదురు ఎరుపు లైనింగ్ గుడ్డ ముక్క ఒకటి పుల్లకి గుచ్చి వరసల ముందు పాతాడు.

"ఇది శాంపిల్. ఈ రంగు వచ్చేదాకా ఎవరూ చెయ్యి వెయ్యకూడదు."

"పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు, మా మరిది ఏకంగా పెరట్లో ఆసుపత్రే కడుతున్నాడు" అంది మా అమ్మ. నవ్వింది గాని రోజూ గోడ మీంచి తొంగి చూసేది.

ముందు పెద్దవి పండాయి. శాంపిల్‌తో పోల్చి, అచ్చు అదే ఎరుపన్నదాన్ని కోసి, కడిగి, సాసర్లో పెట్టి తెచ్చాడు. పిన్ని కళ్ళు మూసుకుని తింది.

"చల్లగా ఉంది. నీళ్ళు తాగినట్టుంది. వాసన ఏమీ లేదు."

బాబాయి సాసరు తీసుకుని వెళ్ళిపోయాడు. మా అమ్మ పిన్నిని వంటగదిలోకి లాగింది. "కొంచెం వస్తోందని ఒక్క ముక్క అంటే నీ సొమ్మేం పోయిందే? ఆయన మొహం చూశావా?"

"కాలని బ్రెడ్డు కాలిందని చెప్పి ఎవరికైనా పెడతామా అక్కా? నావల్ల కాదు" అంది పిన్ని. ఆవిడకి మాత్రం బాధ లేదా?

రెండో రకం పండినప్పుడు కూడా అంతే. "తియ్యగా ఉన్నట్టు నాలుక్కి తెలుస్తోందండీ. వాసన మాత్రం లేదు." ఈసారి బాబాయి సాసరు కూడా తియ్యలేదు. పొద్దున్నే పెరట్లోకి పరిగెత్తే మనిషి ఆ తర్వాత నీళ్ళు పొయ్యడానికి కూడా బద్ధకించాడు.

ఇక మూడో వరస మీదే ఆశ. ఆ వరసేమో కాయలు కాసింది గాని ఎర్రబడదు. గోరంత కాయలు పాలిపోయి, వెన్న రంగులో, అలాగే ఉండిపోయాయి. బాబాయి రోజూ ఒకదాన్ని శాంపిల్ పక్కన పెట్టి చూసి తల అడ్డంగా ఊపేవాడు. పక్క వరసల్లో ఎర్రటివన్నీ పిట్టలు దొంగిలించాయి, వీటివైపు కన్నెత్తి చూడలేదు. "పిట్టలకే పనికిరానివి మనకేం పనికొస్తాయి?" అన్నాడు. కొన్నాళ్ళకి అవి మెత్తబడి రాలిపోవడం మొదలుపెట్టాయి. ఏదో తెగులు పట్టిందని తేల్చేశాడు.

"పీకేస్తానమ్మాయ్. ఇక చాలు" అన్నాడు నాతో. మొక్కల గురించే అన్నట్టున్నాడు గాని ఆ గొంతు మొక్కల గురించి కాదు.

ఆ సాయంత్రం ఒక మొక్క పీకాడో లేదో, కొట్టు ముందు ఎవరో కేకేశారు. ఆయన రాలినవాటిని తొక్కుకుంటూ వచ్చి, ఆ చెప్పులతోనే ఇంట్లోంచి నడిచాడు. పిన్ని అప్పుడే గచ్చు తుడిచింది. గుడ్డ ఇంకా చేతిలోనే ఉంది.

"చెప్పులతో లోపలికా! కళ్ళు నెత్తికెక్కాయా?" అంటూ అడుగుజాడ తుడవడానికి వంగింది. వంగిన మనిషి లేవలేదు.

"ఏం తొక్కి వచ్చారు?"

"మట్టి."

"మట్టి కాదు. ఆ చెప్పు ఇలా ఇవ్వండి."

ప్యాంటు పొట్టి చేయించుకోవడానికి వచ్చినాయన గుమ్మంలోనే నిలబడి చూస్తున్నాడు. పెళ్ళాం చెప్పు చేతికిమ్మంటే ఏ మగాడికైనా అనుమానమే. బాబాయి ఇచ్చి, ఒక అడుగు వెనక్కి వేశాడు. పిన్ని ఆ చెప్పుని రెండు చేతులా పట్టుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. కళ్ళు మూసుకుంది. తర్వాత చెప్పు అక్కడే వదిలేసి పెరట్లోకి పరిగెత్తింది. మేమూ వెనకే వెళ్ళాం, ప్యాంటాయనతో సహా.

మూడో వరస ముందు మోకాళ్ళ మీద కూర్చుని, మెత్తబడ్డ తెల్లకాయ ఒకటి తుంచి నోట్లో వేసుకుంది. ఇంకొకటి వేసుకుంది. బుగ్గల మీద నీళ్ళు కారుతున్నాయి.

"ఇది పండేనండీ. ఎప్పుడో పండిపోయింది."

"ఎర్రబడలేదు కదా!"

"ఎర్రబడదు. దీని రంగే ఇది. మీరు, మీ శాంపిలూ!"

బాబాయి ఆవిడ మొహంలోకి వంగి చూశాడు. "వాసన... వస్తోందా?"

"కొంచెం. పక్క వీధిలో ఎవరో ఓవెన్ తలుపు తీసినట్టు. అంతే. కానీ వస్తోంది."

ఆయన వెంటనే నమ్మలేదు. ఎలా నమ్ముతాడు? గోడ మీంచి చూస్తున్న మా అమ్మవైపు తిరిగాడు, మళ్ళీ పిన్నివైపు చూశాడు. "మీ అక్క నేర్పితే అంటున్నావా? నేను బాధపడతానని అంటున్నావా?"

పిన్ని కొంగుతో కాదు, మట్టిచేత్తోనే మొహం తుడుచుకుంది. "మీకోసం అబద్ధం చెప్పేదాన్నే అయితే, ఆ పెద్ద పళ్ళప్పుడే చెప్పి ఉండేదాన్ని కదండీ!"

అన్నాళ్ళూ బాబాయిని గుచ్చిన "ఏమీ లేదు"లన్నీ ఇప్పుడు ఆయన వైపు సాక్ష్యానికి వచ్చి నిలబడ్డాయి. ఇస్త్రీ ప్యాంటుతోనే బురదలో ఆవిడ పక్కన కూలబడ్డాడు. ఎర్రగుడ్డ పుల్ల ఊడబెరికి, ఇందాక పీకిన మొక్కని దాని గుంటలోనే మళ్ళీ నిలబెట్టాడు. పిన్ని చుట్టూ మట్టి అదిమింది. ఈసారి ఆయన టేపు తేలేదు.