స్పృహ లేని డాక్టరమ్మ, ఐసు పెట్టెలో ముక్క

నా ఉద్యోగంలో ఆఖరి ఏడాది, జులై నెల రెండో బుధవారం, పొద్దున పదకొండు గంటల పది నిమిషాలకు మా ఆసుపత్రిలో అగ్నిప్రమాదం జరిగినట్టు అందరం నటించాం. అప్పుడు నేను టిష్యూ బ్యాంకులో సీనియర్ ల్యాబ్ అసిస్టెంటుని. ఆపరేషన్‌లో తీసిన గడ్డల ముక్కల్ని, రోగి ఒప్పుకుంటే, పరీక్షల కోసం గడ్డకట్టించి దాచే చోటది. ఊడ్చే పనిలో చేరి అక్కడిదాకా వచ్చాను. ఇంగ్లీషు అక్షరాలు ముప్పై దాటాక, ట్యూబుల మీద పేర్లు చదవడానికి నేర్చుకున్నాను. తెలుగు అక్షరాలు రిటైరయ్యాక. వంకరలుంటే సర్దుకోండి.

ముందు పని సంగతి. సింగపూరు యీషున్‌లో మేముండే బ్లాకులో అన్ని ఫ్లాట్లకూ వైరింగు ఒకటే. సాయంత్రం కింద నుంచి చూస్తే ఒక్కో ఫ్లాటులో ఒక్కో గది లైటు వెలుగుతుంటుంది. ఒంట్లో కణాలూ అంతే. జన్యువులు అన్నిటిలో అవే, పనిచేసేవి వేరు. వైరింగులో తప్పు పడితే దాన్ని మ్యుటేషన్ అంటారు. ఏ లైటు ఎంత వెలుగుతోందో అది ఎక్స్‌ప్రెషన్. వైరు తప్పుగా కలిసి, ఆరాల్సిన లైటు ఆరకపోతే కణం ఆగకుండా పెరుగుతుంది. క్యాన్సర్ చాలాసార్లు అలా మొదలవుతుంది. ఒక్కోసారి వైరింగులో తప్పు దొరకదు, లైటు చూస్తే భగ్గుమంటుంటుంది. ముక్కని ఒంట్లోంచి తీశాక వైర్లు చాలాకాలం ఉంటాయి. లైట్లు అలా ఉండవు, ఒకటొకటే ఆరిపోతాయి. అందుకే ముక్కని వెంటనే ద్రవ నైట్రోజన్‌లో ముంచాలి. మా నియమం అరగంట. ఐసు కాస్త ఆపుతుంది, అంతే.

ఆ రోజు వచ్చింది పద్మావతి గారి ఊపిరితిత్తిలోది. భార్యాభర్తల పేర్లు మార్చాను. సెంగ్‌కాంగ్‌లో ఉంటారు. ఆవిడ సిగరెట్టు ముట్టింది లేదు. అంతకుముందు సూదితో తీసిన ముక్కలో, ఉన్న మందులు పనిచేసే మ్యుటేషన్ ఏదీ కనిపించలేదు. ఇక ఎక్స్‌ప్రెషన్ చూడాలి. ఒక జన్యువు బాగా వెలుగుతోందని తేలితేనే కొత్త మందు ట్రయల్‌లో చేర్చుకుంటారు. గడ్డ ఉన్న చోటు మంచిది కాదు. సర్జన్ తీయగలిగింది శనగగింజంత. మళ్లీ కోయడానికి లేదు.

ట్యూబుని ఐసు పెట్టెలో పెట్టుకుని ల్యాబు బ్లాకు మెట్లెక్కుతుండగా బెల్లు మోగింది. ఫైర్ డ్రిల్లు. పోయిన వారం వాన పడుతోందని వాయిదా వేసినది. ఫైర్ వార్డెన్ లిమ్ మామూలుగా అకౌంట్స్‌లో పనిచేసే నెమ్మది మనిషి. ఆ పూట నారింజ కోటు వేసుకుని అందర్నీ కార్ పార్కులోకి తోలింది. పెట్టె చూపించి సంగతి చెప్పాను. నిజంగా మంటలొస్తే పైకెళ్తావా అని అడిగింది. పెట్టె పట్టుకుని కిందికే నడిచాను.

పోనీ వెళ్లినా నైట్రోజన్ గదిలోకి ఒక్కరే వెళ్లకూడదు. ఆవిరి గాలిని తోసేస్తుంది, కూలిపోతే చూసేవాళ్లుండరు. అనుమతి ముగ్గురికే. నేను, సెలవులో ఉన్న ఫైజల్, మా ల్యాబు హెడ్డు డాక్టర్ మాధవి. ఆ గుంటూరు డాక్టరమ్మ కార్ పార్కులో స్ట్రెచర్ మీద పడుకుని ఉంది. మెడలో ‘స్పృహ లేదు’ అని కార్డు. డ్రిల్లులో దెబ్బతిన్నట్టు నటించేవాళ్లు కావాలంటే తనే పేరిచ్చిందట.

ఒక కన్ను తెరిచి పెట్టె చూసింది.

“అప్పన్న అంకుల్, అదిక్కడెందుకుంది?”

“మీరిక్కడున్నారు కాబట్టి.”

లేవబోతే లిమ్ భుజం పట్టి పడుకోబెట్టింది. “డాక్టర్, యూ ఆర్ అన్‌కాన్షస్. నో టాకింగ్ లా,” అంది, సింగపూరు ఇంగ్లీషులో.

డాక్టరమ్మ కళ్లు మూసుకుని, పెదాలు కదపకుండా తెలుగులో అందుకుంది. ముక్క తీసి ఎంతసేపయింది, ఐసు కరిగిందా అని. లిమ్ దాన్ని మూలుగనుకుని, బాగా చేస్తున్నారని మెచ్చుకుంది.

డ్రిల్లుని మధ్యలో ఆపే నియమం ఒక్కటే ఉంది. ఎవరికైనా నిజంగా ఏమైనా అవ్వాలి. “అంకుల్, మీరు పడిపోండి, డ్రిల్లు ఆగుతుంది,” అంది డాక్టరమ్మ.

“నేను పడితే గదిలోకి రెండో మనిషెవరమ్మా?”

ఈ మాటలు ఎవరికీ అర్థం కావనుకున్నాం. వెయిటింగ్ హాల్లో వాళ్లనీ కిందికి తోలారన్నది మా బుర్రకి తట్టలేదు. వెనక నుంచి ఎవరో, “అంకుల్, అది మా పద్మదేనా?” అన్నారు. రఘు గారు, పద్మావతి గారి భర్త. చేతిలో ఆవిడ హ్యాండ్‌బ్యాగు.

ముక్క ఎవరిదో చెప్పకూడదు. చెప్పలేదు. ఆయన పెట్టెని చూశాడు, స్ట్రెచర్‌ని చూశాడు. బ్యాగు జాగ్రత్తగా కింద పెట్టి, దాని పక్కనే సిమెంటు మీద పడుకున్నాడు.

లిమ్ పరుగున వచ్చింది. “సర్, రియల్ ఆర్ డ్రిల్?”

“రియల్,” అన్నాడాయన, కళ్లు తెరవకుండానే.

డ్రిల్లు ఆపే విజిల్ మోగింది. స్పృహ లేని డాక్టరమ్మ మెడలో కార్డుతో మెట్లవైపు పరిగెత్తింది, వెనక పెట్టెతో నేను. ముక్క నైట్రోజన్‌లో మునిగేసరికి అరగంటకి ఇంకా కాస్త మిగిలే ఉంది.

తర్వాత పరీక్షలో ఆ జన్యువు వెలుగుతూనే కనిపించింది. ఆవిడని ట్రయల్‌లో చేర్చుకున్నారు. ఆపైన ఏమైందో చెప్పే హక్కు నాకు లేదు. రఘు గారికి బీపీ చూస్తే బాగా పడిపోయి ఉందట. నటించాడో లేదో ఆయనకే తెలియదేమో. డ్రిల్లులో మా ల్యాబు ఫెయిలయింది. స్పృహ తప్పిన మనిషి మండుతున్న భవనంలోకి తిరిగి వెళ్లిందని.

నేర్చుకున్నది చెబుతాను. వైరింగులో తప్పు రేపైనా వెతకొచ్చు, లైటు వెలుగుతుండగానే చూడాలి. రెండోది, డ్రిల్లులో స్పృహ తప్పడానికి నైట్రోజన్ గది అనుమతి లేనివాళ్లని ఎంచుకోవాలి. ఇప్పుడక్కడ అదే నియమం.

ఆ రోజు కార్ పార్కులో ఉన్నవాళ్లు: నారింజ కోటులో లిమ్, స్ట్రెచర్ మీద మాధవి, సిమెంటు మీద రఘు, నిలబడి నేను అప్పన్న, నా చేతిలో శనగగింజంత పద్మావతి గారు.