చీటీని నమ్మని పార్సిల్ తాత

మంగళవారం పదకొండు గంటలప్పుడు ఫోన్ వచ్చింది. మా పక్కింటి పార్సిల్ తాత పోయాడు. ఫోన్ చేసింది ఆయన కోడలు. "టీ తాగి కుర్చీలో కూచున్నాడు, అట్లే ఒరిగిపోయినాడు మ్మా. సాయంత్రం నాలుక్కు సమాధి చేస్తాండారు. వస్తావు కదా?" అంది. వస్తానన్నాను. వేళకు పోలేకపోయాను.

ఎర్రగుంట్ల దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీలో లారీలను బయటికి పంపే క్యాబిన్‌లో నా ఉద్యోగం. ఆరోజు నా తర్వాత షిఫ్టుకు రావలసిన మనిషి రాలేదు. నేను లేస్తే గేటు దగ్గర లారీలు ఆగిపోతాయి. దుమ్ము రాకుండా కిటికీ సందులకు టేపు అంటించిన ఆ గదిలో, గడియారం నాలుగు దాటడం చూస్తూ కూర్చున్నాను. నేను సమాధుల తోటకు చేరేసరికి మట్టి కప్పేసి అందరూ చేతులు కడుక్కుంటున్నారు. ఆ కోపం ఇంకా తగ్గలేదు. ఎవరి మీదో కూడా తెలియదు.

తాత రైల్వే పార్సిల్ ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. కొడుకు కొత్త కంప్యూటర్ కొని పాతది పారేయబోతే దాన్ని తెచ్చి వరండాలో పెట్టుకున్నాడు. ఆదివారం చర్చి నుంచి వచ్చి, తెల్లచొక్కా విప్పి కొక్కేనికి తగిలించి, బనియన్‌తో దాని ముందు కూర్చునేవాడు. ఒక్క వేలితో అక్షరాలు వెతుక్కునే మనిషి. అయినా మా వీధిలో ఎవరికి ఏ ఫైలు తెరుచుకోకపోయినా ఆయన వరండాకే వెళ్ళేవాళ్ళు.

నా సంగతి వేరు. నేను అందరూ చూస్తుండగా వెళ్ళలేను. ఎందుకంటే ఇంటర్వ్యూలో "కంప్యూటర్ వచ్చా?" అని అడిగితే "అంతా వచ్చు సార్" అన్నాను. డిగ్రీ అయ్యాక రెండేళ్ళు ఇంట్లో కూర్చుని అందరి చేత మాటలు పడ్డదాన్ని, ఇంకేమంటాను? ఆ మాటతోనే ఉద్యోగం వచ్చింది. ఆ మాటే మెడకు చుట్టుకుంది. కొత్త రకం ఫైలు వచ్చిందంటే చాలు, నన్ను పట్టుకోవడానికే వచ్చిందనిపించేది. ఏదైనా తెరవడం రాకపోతే "సర్వర్ డౌన్ సార్" అనేదాన్ని. పాపం, ఆ సర్వర్ నా వల్ల ఎన్నిసార్లు పడిపోయిందో.

ఒకరోజు పై ఆఫీసు నుంచి మర్నాటి లారీల జాబితా వచ్చింది. ఎప్పుడూ ఎక్సెల్‌లో పంపేవాళ్ళు. ఆరోజు ఫైలు పేరు చివర ఎక్స్‌ఎమ్‌ఎల్ అని ఉంది. తెరిస్తే తెర నిండా కొంగముక్కుల్లాంటి < > గుర్తులు, వాటి మధ్య ఇంగ్లిషు ముక్కలు. అప్పుడు నాకొక గొప్ప తెలివి తోచింది. పేరు చివరి అక్షరాలు చెరిపేసి ఎక్సెల్ అక్షరాలు పెట్టాను. ఫైలు బొమ్మ ఆకుపచ్చగా కూడా మారింది. సంబరపడి నొక్కితే, ఫైలు పాడైపోయిందని వచ్చింది. చేతులారా చంపేశాననుకున్నాను. సూపర్‌వైజర్ సార్‌తో మామూలు అబద్ధం చెప్పి, దాన్ని పెన్‌డ్రైవ్‌లో వేసుకుని ఇంటిదారి పట్టాను. పొద్దున ఆరింటికల్లా లారీలు వరసకడతాయి.

వరండాలోంచి తాత చూశాడు. "ఏం పాపా, మొగం అట్లుండాది?"

అంతా చెప్పాను. ఇంటర్వ్యూ సంగతి తప్ప. ఆయన నవ్వలేదు.

"ముప్పై ఏండ్లు మూటలు దించినోన్ని మ్మా. మిరపకాయల మూటకు బెల్లమని చీటీ కడితే తియ్యగైతాదా? నువ్వు చీటీ మార్చినావు, అంతే. లోపల సరుకు ఉన్నట్టే ఉండాది. పాత చీటీ మళ్ళా కట్టు. అంతకు ముందు నకలు తీయి."

నకలు తీయకుండా ఆయన ఏ ఫైలునూ ముట్టేవాడు కాదు. నకలును నోట్‌ప్యాడ్‌లో తెరిచి, తెర మీద వేలు పెట్టి, "మొదటి వరస చదువు. శానా ఫైళ్ళు తామెవరో ఆడనే చెప్పుకుంటాయి," అన్నాడు. పీడీఎఫ్ అయితే మొదట్లోనే ఆ అక్షరాలు కనిపిస్తాయి. ఇప్పటి వర్డ్, ఎక్సెల్ ఫైళ్ళు పీ, కే అనే రెండక్షరాలతో మొదలవుతాయి. అవి నిజానికి చిన్న ఫైళ్ళన్నీ కలిపి కట్టిన మూటలట. నా జాబితా మొదటి వరస మాత్రం తాను ఎక్స్‌ఎమ్‌ఎల్‌నని నిజమే చెప్పింది. నేనే దాని చేత అబద్ధమాడించబోయాను.

తర్వాత తాత స్టేషన్‌లో సరుకు అప్పజెప్పినట్టు పైకి చదివాడు. "లారీ మొదలు. నంబరు మొదలు. ఇదో నంబరు. ఈడ వాలుగీత ఉండాది సూడు, అంటే నంబరు అయిపాయ. డ్రైవరు మొదలు. తెరిచిన ప్రతిదాన్నీ ఈడ మూయల్ల, లేకుంటే ఫైలంతా మొండికేస్తాది." పది వరసలు దాటేసరికి ఆ గుర్తుల మధ్య నుంచి లారీలు వాటంతటవే కనిపించసాగాయి. పేరు మార్చే పని లేదు, ఎక్సెల్‌నే తెరవమని అడిగితే అది పట్టికగా పరుస్తుందని ఇద్దరం కలిసి కనుక్కున్నాం. మర్నాడు లారీలు వెళ్ళిపోయాయి. నాకు ఆఫీసులో మంచి పేరొచ్చింది.

ఒకసారి వేంపల్లె నుంచి ఒకాయన ఏదో ఫైలు పట్టుకొచ్చాడు. తాత గంటసేపు చూసి, "ఇది నాకు తెలీదప్పా," అనేసి మజ్జిగ తెమ్మని కోడలికి కేకేశాడు. ఆ వచ్చినాయన వెళ్ళాక, "అట్ల చెప్తే పరువు పోదా తాతా?" అన్నాను.

"తెలీదంటే ఒక నిమిషం సిగ్గు. తెలుసంటే ఆ మూట దినామూ మోయల్ల."

నా అబద్ధం పసిగట్టే అన్నాడనుకున్నాను. ఒళ్ళు మండి రెండు వారాలు అటువైపు పోలేదు. మళ్ళీ వెళ్ళిన రోజు తాత నాకు కుర్చీ జరిపాడు, అంతే. నాలుగేళ్ళు అలా నేర్పాడు. నాకు నేర్పుతున్నానని వీధిలో ఎవరితోనూ అనలేదు. ఆయన వల్ల నాకు పని వచ్చింది. కానీ ఎక్కడ బయటపడుతుందోనన్న భయం మాత్రం పోలేదు. పని వచ్చేకొద్దీ "అంతా వచ్చిన అమ్మాయి" అన్న పేరు ఇంకా బిగుసుకుంది.

ఆయన పోయిన తర్వాతి సోమవారం మళ్ళీ కొత్త రకం ఫైలు వచ్చింది. మొదటి వరస చూసినా ఏమీ అర్థం కాలేదు. సూపర్‌వైజర్ సార్ నా వెనకే నిలబడ్డాడు. చేయి ఫోన్ మీదికి వెళ్ళి ఆగింది. ఎవరికి చేయాలి? ఏడుపొచ్చింది. సర్వర్ డౌన్ అనబోయాను. ఆ మూట ఇంక మోయలేననిపించింది.

"సార్, ఇది నాకు తెలీదు," అన్నాను. "ఇట్లాంటివి శానా తెలీవు. అంతా వచ్చని అబద్ధం చెప్పి చేరినా. ఇన్నాళ్ళూ పక్కింటి తాత నేర్పిచ్చినాడు. ఇప్పుడు ఆయప్ప లేడు."

ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. సార్ తలుపు దాకా వెళ్ళి, బయట ఎవరూ లేరని చూసి, దగ్గరికి వేసి వచ్చాడు.

"నాకూ తెలీదు మ్మా," అన్నాడు మెల్లగా. "ఇదే గాదు, ఏవీ తెలీవు. ఆ తాత నీకు ఎట్ల చెప్పినాడో, నాకు మొదట్నించి చెప్పు."

కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నాడు. ఏడాదిలో రిటైరయ్యే మనిషి. జేబులోంచి చిన్న పుస్తకం తీసి, ఖాళీ పేజీ విప్పి, పెన్ను పట్టుకుని నా వైపు చూశాడు.