టీ మామ విన్న కౌన్సెలింగు

ఆ రోజుల్లో నా దగ్గర జవాబు లేని ప్రశ్నంటూ ఉండేది కాదు. ఇరవై మూడేళ్ళ వయసు, మెడలో ఐడీ కార్డు, భుజాన ల్యాప్‌టాప్ సంచి, విరుదునగర్‌లో ఒక చిన్న ట్రస్టులో మొదటి ఉద్యోగం. పన్నెండో తరగతి పిల్లలు ఏ కాలేజీకి ఎలా దరఖాస్తు పెట్టుకోవాలి, ఏ స్కాలర్‌షిప్ ఎవరికి వస్తుంది, బ్యాంకులో చదువు లోను ఎలా అడగాలి అన్న సంగతులు చెప్పే బాధ్యత ప్రతి బడిలోనూ ఒక టీచరు మీద పెట్టేవారు. ఆ టీచర్లకు శిక్షణ ఇవ్వడం మా పని. అంటే, సొంతంగా ఒక్క పిల్లవాణ్ణయినా కాలేజీలో చేర్పించని నేను, ఏళ్ళ తరబడి పిల్లల మధ్య బతుకుతున్నవాళ్ళకు పిల్లల్ని ఎలా చేర్పించాలో చెప్పేవాణ్ణి. ఇందులో తమాషా ఉందని నాకప్పుడు తోచలేదు. (మా అమ్మకు తోచింది. "నిన్ను చేర్పించేదానికే మీ మామ ఊర్లన్నీ తిరిగినాడు గదరా" అంది.)

మాది కోవిల్‌పట్టి పక్కన నల్లరేగడి ఊరు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. మా తెలుగు మాట్లాడుకునేదే గాని చదువుకునేది కాదు. (ఈ అక్షరాలు నేను చాలా ఆలస్యంగా, హైదరాబాదులో ఉద్యోగానికి వచ్చాక, ఒకటో తరగతి వాచకం కొనుక్కుని నేర్చుకున్నవి. అక్కడివాళ్ళు నా మాట విని, తమ ముత్తవ్వ మాట్లాడినట్టుంది అన్నారు. పొగడ్తగానే తీసుకున్నాను.) మా వైపు బస్సులో ఇద్దరు తెలుగువాళ్ళు పక్కపక్కన కూర్చుని, దారి పొడుగునా తమిళంలో కబుర్లాడుకుని, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండానే దిగిపోతారు. తెలుగు అన్నది అలిగినప్పుడు, అన్నం పెట్టేటప్పుడు, ఆవును అదిలించేటప్పుడు వాడేది. అందుకని నలుగురిలో ఎవరైనా తెలుగు ఎత్తుకున్నారంటే, అది ఇంటి విషయమని, నిజమైన విషయమని మావాళ్ళు అనుకుంటారు. ఈ ముఖ్యమైన సంగతి నా శిక్షణ కార్యక్రమంలో ఎక్కడా లేదు.

ఆ రోజు కోవిల్‌పట్టిలో ఒక హాల్లో శిక్షణ. "తల్లిదండ్రులను ఒప్పించడం" అన్నది మధ్యాహ్నం పాఠం. మీలో ఒకరు తండ్రిగా కూర్చోండి, నేను కౌన్సెలర్‌గా మాట్లాడతాను, ఎలా ఒప్పిస్తానో చూడండి అన్నాను. ఎవరూ లేవలేదు. చివరికి వెనక వరసలోంచి ఒక లెక్కల టీచరమ్మ లేచింది. యాభై దాటిన మనిషి, సన్నటి గొంతు, పొద్దుటినుంచి ఒక్క మాట మాట్లాడలేదు. "మా బడి పిల్లల ఇండ్లలో చాలామంది తెలుగువాళ్ళే. తండ్రి మాట తెలుగులో చెప్పనా?" అని తమిళంలో అడిగింది. నాకూ తెలుగు వచ్చని గర్వంగా ఒప్పుకున్నాను. మిగతా టీచర్లకు తెలుగు రాదు, అయినా వాళ్ళకూ సరదాగానే అనిపించింది. సరిగ్గా ఆటలో పడ్డాకే ఎదురంగడి టీ మామ కెటిలూ గ్లాసులూ పట్టుకుని తలుపు తోసుకుని లోపలికొచ్చాడు. ఇది ఉత్త ఆట అని తమిళంలో చెప్పుకున్నదంతా ఆయన వినలేదు.

టీచరమ్మ కొంగు నడుముకు దోపుకుని, కుర్చీ ముందుకు లాక్కుంది. గొంతు మారిపోయింది. "ఏం తంబీ, నా పాపను ఏడకో పంపల్ల అంటాండావంట."

నేను మొదలుపెట్టాను. పెట్టగానే తెలిసింది, నా విద్యంతా ఇంగ్లీషులో ఉందని. కొంత తమిళంలో ఉంది. తెలుగులో నాకున్న సరుకంతా వాన, వేరుశెనగ, చుట్టాల తగాదాలు. చదువు లోను అన్నది తమిళంలో ఎంతో మర్యాదగా వినబడుతుంది. మా ఇంటి తెలుగులోకి తెస్తే అది అప్పు. ఆ మాట నా నోట్లోంచి వచ్చేసరికి, నాకే మా తాత పొలం పోయినట్టు అనిపించింది.

"అప్పా? ఎవురు కట్టేది?"

"చదివి ఉద్యోగం వచ్చినాక పాపే కడుతుంది."

"ఉద్యోగం రాకుంటే?"

"వస్తుంది."

"నీకు ఎట్ల తెలుసు? అంతలోపల పెండ్లయిపోతే? ఆ ఇంటోళ్ళను ఏ నోరు పెట్టుకోని అడిగేది?"

నేను ల్యాప్‌టాప్ తిప్పి స్లైడు చూపించాను. నల్లటోపీ పెట్టుకున్న ఏదో దేశపు అమ్మాయి పట్టా పట్టుకుని నవ్వుతోంది. టీచరమ్మ కాసేపు చూసి, "ఈ పాప నాయన కూడా నవ్వుతాండాడా?" అంది. నా దగ్గర తర్వాతి స్లైడు ఉంది గాని, అందులో ఆ నాయన లేడు. ఆమె ఆగలేదు. "నాకు లెక్కలు తెలీవు. ఒకటి చెప్పు. ఆ ఊర్లో నా పాపకు జొరమొస్తే ఎవురు చూస్తారు? నువ్వు చూస్తావా?" అన్నప్పుడు ఆమె కళ్ళు తడిశాయి. "నా పాప నా కండ్ల ముందరే ఉండని. తీసుకోని పో నీ పేపర్లు."

నేను కూర్చుండిపోయాను. హాలంతా చప్పట్లు కొట్టింది. మాట అర్థం కానివాళ్ళు మరీ గట్టిగా కొట్టారు. టీ మామ మాత్రం గ్లాసులు అక్కడే పెట్టి, తల ఊపుకుంటూ వెళ్ళిపోయాడు.

వారం తర్వాత అదే హాల్లో ఇంకో జట్టుకు శిక్షణ. టీ మామ నా ముందు గ్లాసు పెట్టి, పక్కనే ఒక పల్లీ మిఠాయి ముక్క కూడా పెట్టి, ఎన్నడూ లేనిది తెలుగులో మాట్లాడాడు. "తంబీ, మీరు మనోళ్ళని ఆ పొద్దే తెలుసుకున్నా. మీ పుణ్యాన నా కూతురు నా ఇంట్లోనే ఉండాది."

ఏం పుణ్యం మామా అని అడిగాను. ఆయన కూతురికి తూత్తుకుడిలో చేపల చదువుకు సీటొచ్చిందట. పంపుదామనే అనుకున్నాడట. "ఆ పొద్దు ఆయమ్మ అడిగింది చూడు, కాలేజీల సంగతంతా తెలిసిన నువ్వే జవాబు చెప్పలేక కూచున్నావు. ఇంక నాకేం తెలుస్తాది? వద్దని చెప్పేసినా." చేరే గడువు ఎల్లుండితో అయిపోతుందని కూడా, పీడ వదిలినట్టు చెప్పాడు.

నా నోట్లో మిఠాయి అక్కడే ఆగిపోయింది. అది నిజం కాదు మామా, ఆట, ట్రైనింగు అన్నాను. ఆయన నన్ను జాలిగా చూశాడు. "ఆయమ్మ కండ్లలో నీళ్ళు ట్రైనింగా? ఆడమనిషి కాడ ఓడిపోతే సిగ్గేంటికి తంబీ. నేను మా ఇంట్లో దినమూ ఓడిపోతుండా."

మధ్యాహ్నం శిక్షణ ఇంకొకరికి అప్పగించి, లెక్కల టీచరమ్మ బడికి పరుగెత్తాను. చెప్పిందంతా విని ఆమె కొంగుతో నోరు మూసుకుని నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, సెలవు చీటీ రాసిచ్చి, అప్పటికే అంగడి మూసి ఇంటికి పోయిన మామ కోసం, నాతో పాటు ఆయన ఊరి బస్సెక్కింది. దారంతా నాకు పరీక్ష. అవే ప్రశ్నలు మళ్ళీ అడిగింది. నేను ఇంగ్లీషు ముక్క వాడిన ప్రతిసారీ, "నాకు కాదు, మా నాయనకు చెప్పు" అనేది. ఇంట్లో మొదటిసారి కాలేజీకి పోయే పిల్లలకు ఫీజు తగ్గుతుందని, చదివినన్నాళ్ళూ అప్పు కట్టమని అడగరని, ఆడపిల్లలకు వేరే హాస్టలు ఉంటుందని, ఆవును అదిలించే భాషలో చెప్పడం ఆ బస్సులోనే మొదటిసారి నేర్చుకున్నాను. ముందు సీటు ముసలాయన ఒకరు వెనక్కి తిరిగి, తన మనవడి సంగతి కూడా అడిగాడు.

మామ ఇంటి అరుగు మీద తల్లీ కూతురూ వేరుశెనగ కాయలు ఒలుస్తున్నారు. టీచరమ్మను చూడగానే మామ మొహం వెలిగింది. "రా అక్కా. మనమిద్దరం పిల్లల్ని కాపాడుకుంటిమి. మీ పాప బాగుండాదా?"

"నాకు పాప లేదు తమ్ముడా. ఇద్దరూ మగపిల్లలే. ఇద్దరూ దూరం పోయే చదివినారు."

మామ ఆమెనూ నన్నూ మార్చి మార్చి చూశాడు. "అయితే ఆ పొద్దు చెప్పిందంతా అబద్దమా?" అని ఆయన భార్య అడిగింది.

"కాదమ్మా. అవి మా నాయన మాటలు. నాకు మదురైలో సీటొచ్చినప్పుడు గడపలో కూచోని అన్నాడు. ఒక్క మాట నేను చేర్చలేదు."

"మల్ల?" అన్నాడు మామ.

"మల్ల ఏముంది. తెల్లారి లేచి, నా పెట్టె తానే తలమీద పెట్టుకోని బస్టాండుకు నడిచినాడు. నువ్వు సగం కత విని పోయినావు తమ్ముడా."

మామ అరుగు మీది కాయ ఒకటి తీసుకుని ఒలిచాడు. తర్వాత కూతురి వైపు తిరిగాడు. "చేపలు పట్టేదానికి చదువేంటికని ఊర్లో నవ్వుతారే."

"పట్టేదానికి కాదు నాయనా, పెంచేదానికి" అంది ఆ పిల్ల, కాయలు ఒలవడం ఆపకుండా.

"ఈడ తాగేదానికే నీళ్ళు లేవు గదా."

"అందుకే ఆ ఊరికి పోతా అంటాండా."

తల్లి నవ్వింది. మామకు నవ్వు రాలేదు. నా వైపు చూసి, అన్నిటికన్నా పెద్ద ప్రశ్న అడిగాడు. "జొరమొస్తే?"

నా స్లైడుల్లో అది ఇప్పటికీ లేదు. "వార్డెను ఉంటారు మామా. ఆమె ఎట్లాంటిదో నాకు తెలీదు. తూత్తుకుడి బస్సు మీ అంగడి ముందరే నిలుస్తాది. ఫోనొస్తే మీరు ఎక్కేయొచ్చు" అన్నాను. ఆ ఉద్యోగంలో చేరాక, తెలీదు అనడం అదే మొదలు. మామ ఆ బస్సును మనసులో ఒకసారి ఎక్కి దిగినట్టున్నాడు. "సరి. ఆ కాగితాలన్నీ ఏడబెట్టినావు పాపా" అన్నాడు. ఆ పిల్ల లోపలికి వెళ్ళి మంచం కిందినుంచి సంచి లాగింది. బట్టలూ, దుప్పటీ, కాగితాలూ అన్నీ ఎప్పుడో సర్దేసి ఉన్నాయి. మామ ఆ సంచిని చూసి, దినమూ ఇంట్లో ఓడిపోతానన్న మాట నిజమేనన్నట్టు నన్ను చూశాడు.

ఆ పిల్ల చేరింది, చదివింది. మోకాళ్ళ దాకా బూట్లు వేసుకుని ఏదో చెరువులో నిలబడ్డ ఆమె ఫోటో టీ మామ ఇప్పటికీ నాకు పండగకొకసారి పంపుతాడు, అదే ఫోటో. అయితే నాకు ఎక్కువగా గుర్తొచ్చేది ఆ సాయంత్రం తిరుగు బస్సు. మేం గెలిచి వస్తున్నాం. నేను సంతోషం పట్టలేక, "మీ నాయన మంచివాడు టీచర్. పెట్టె తలమీద పెట్టుకుని నడిచాడంటే" అన్నాను.

"లేదు తంబీ" అంది ఆమె, లెక్కలో తప్పు దిద్దినట్టు నెమ్మదిగా. "గడపలో కూచోని అన్నది నిజం. అంతే. పెట్టె నేను చేర్చినా. నేను మదురై పోలేదు. పెండ్లయినాక ఇంట్లో కూచోనే, తపాలాలో పుస్తకాలు తెప్పించుకోని చదివినా." ఒళ్ళోని సంచి సర్దుకుని, "మంచోడే మా నాయన. బయపడినాడు. ఆ పొద్దు ఆయనతో కూచోని మాట్లాడేదానికి నీ మాదిరి పిల్లోడు ఒకడన్నా రాలేదు" అంది.

అన్నీ తెలిసిన ఆ ఇరవై మూడేళ్ళ కుర్రవాడికి ఒక్క మాట దొరకలేదు. తమిళంలో వెతికాడు, ఇంగ్లీషులో వెతికాడు, ఇంటి తెలుగులోనూ వెతికాడు. చివరికి బిగుసుకుపోయిన కిటికీ అద్దాన్ని రెండు చేతులతో కష్టపడి పక్కకు తోసి, "గాలి వస్తుందా అక్కా?" అని అడిగాడు. వస్తోందని ఆమె తల ఊపింది. ఇన్నేళ్ళ తర్వాత, ఇంతమందికి శిక్షణ ఇచ్చాక కూడా, అక్కడ అంతకంటే మంచి మాట ఏదుందో నాకు తెలీదు.